పొడుగాటి వడ్రంగి

ఆ కాగితం చేతికందిన గురువారం సాయంత్రం వరకూ పెద్దమ్మాయికి ఇంగ్లీషంటే భయం ఉండేది గానీ, అనుమానం ఉండేది కాదు.

ఆమెకు నలభై ఆరేళ్ళు. ఇంట్లో మొదటి పిల్ల కాబట్టి నాన్న పెద్దమ్మాయి అని పిలిచేవాడు. ఆయన పోయి పదేళ్ళయినా ఆ పిలుపు మాత్రం పోలేదు. సోఫాలూ కుర్చీలూ బాగుచేసే కార్ఖానాలో ఓనరు దగ్గర్నుంచి గుడ్డల బేళ్ళు తెచ్చే వ్యాను డ్రైవరు దాకా అందరికీ ఆమె పెద్దమ్మాయే. కొత్తవాళ్ళెవరైనా ఆ పిలుపు వింటే లోపల్నుంచి ఏ పదహారేళ్ళ పిల్లో వస్తుందని చూస్తారు. పెదాల మధ్య నాలుగు మేకులు, చేతిలో సుత్తి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో ఈమె వస్తుంది.

పాత సోఫా చేతికిస్తే చాలు, గుడ్డ విప్పి, సడలిన నవారు పట్టీలు పీకేసి, స్ప్రింగులు తిరిగి కట్టి, స్పాంజి కోసి, కొత్త గుడ్డ ముడత లేకుండా లాగి మేకులు కొట్టేదాకా ఇంకొకరి సాయం అడగదు. ఈ మధ్య ఓనరు హోటళ్ళ పని ఒప్పుకున్నాడు. ఆ హోటళ్ళవాళ్ళు ఇంగ్లీషులో తప్ప మాట్లాడరు. "ముందు గదిలో కూర్చుని ఆర్డర్లు రాసుకునే పని నీకే ఇస్తాను పెద్దమ్మాయ్, ఇంగ్లీషు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి" అన్నాడు ఓనరు, అదేదో దుకాణంలో దొరికే సరుకన్నట్టు. అందుకని వారానికి రెండు సాయంత్రాలు లైబ్రరీ మేడ మీద గదిలో జరిగే క్లాసులో చేరింది.

క్లాసులో పదకొండు మంది. చెప్పే టీచరమ్మకు ఇరవై ఆరో, ఇరవై ఏడో ఉంటాయి. ఆ గురువారం ఆవిడ తలా ఒక కాగితం పంచింది. పీకల్లోతు ప్రేమలో పడ్డవాళ్ళ గురించి ఇంగ్లీషులో వాడే మాటలు, వరసగా పది.

"మొదటిది హెడ్ ఓవర్ హీల్స్," అంది టీచరమ్మ. "హెడ్డంటే తల. హీల్స్ అంటే మడమలు. ఓవర్ అంటే పైన."

"మడమల పైన తల," అంది పెద్దమ్మాయి మెల్లగా. "మరి మామూలుగా ఎక్కడుంటుందండీ?"

క్లాసంతా ఆలోచనలో పడింది. ఆమె పక్కన కూర్చునే బస్సు డ్రైవరు వంగి తన మడమలు చూసుకున్నాడు.

"అడగాల్సిన మాటే," అంది టీచరమ్మ. "వాళ్ళ ఉద్దేశం తలకిందులైపోవడం. దాన్ని ఇలా ఎందుకన్నారో నాకూ తెలీదు. అంటారంతే."

పెద్దమ్మాయి నోటుబుక్కులో రాసుకుంది: తల పైన, మడమలు కింద, అంటే ప్రేమ. రాసి, తిరిగి చదువుకుని, పక్కన చిన్న సున్న చుట్టింది. అర్థం కానివాటి పక్కన సున్న చుట్టడం ఆమె అలవాటు.

రెండోది ఎవరో వచ్చి కాళ్ళ మీద నిలబడకుండా ఊడ్చేయడం. మూడోది మోకాళ్ళ దగ్గర నీరసం. నాలుగోది కడుపులో సీతాకోకచిలుకలు.

"మనకి కడుపులో ఎలకలు పరిగెడతాయండి," అన్నాడు బస్సు డ్రైవరు, "అయితే అది ఆకలికి."

గుండెకాయను తీసి చొక్కా చేతికి తగిలించుకోవడం దగ్గరికొచ్చేసరికి ఆయన మళ్ళీ అందుకున్నాడు. "మనవాళ్ళు మనసు పారేసుకుంటారు, వీళ్ళు తగిలించుకుంటారన్నమాట. వీళ్ళే నయం, వస్తువు ఎక్కడికీ పోదు."

అందరూ నవ్వారు. పెద్దమ్మాయి నవ్వలేదు. ఆమె పేజీ నిండా సున్నలే ఉన్నాయి. కడుపులో కదలికా, మోకాళ్ళలో నీరసమూ, గుండె ఒక దెబ్బ తప్పడమూ ఉంటే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి గానీ, ఇందులో సంతోషించాల్సిందేముందో ఆమెకు బోధపడలేదు.

"వచ్చే గురువారానికి పదింటికీ పది వాక్యాలు," అంది టీచరమ్మ. "నిజంగా ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని రాయండి. లేని మనిషి మీద రాస్తే వాక్యం నిలబడదు. కాపీ కొడితే నేను పట్టేస్తాను."

"నేను మా ఆవిడ మీద రాస్తాను," అన్నాడు బస్సు డ్రైవరు. "ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఏం రాసినా గొడవుండదు."

పెద్దమ్మాయికి అలాంటి వెసులుబాటు లేదు. ఆమెకు పెళ్ళి కాలేదు. కాకపోవడం వెనక పెద్ద కథేమీ లేదు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక సంబంధం కుదిరినట్టే కుదిరి, ఆ అబ్బాయి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికి వెళ్ళిపోవడంతో ఆగిపోయింది. తర్వాత నాన్నకు నడుం పడిపోయి మూడేళ్ళు మంచాన ఉన్నాడు. అప్పుడే ఆయన చేసే సోఫాల పని ఈమె చేతికొచ్చింది. ఆ తర్వాత తమ్ముడి పెళ్ళి. అందరి పనులూ ఒక కొలిక్కి వచ్చాక చూసుకుంటే ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఏడవలేదు, మొత్తుకోలేదు. ఎక్కాల్సిన రైలు తప్పిపోయిందని కూడా అనుకోలేదు. అసలు స్టేషనుకు వెళ్ళిన గుర్తే లేదు ఆమెకు.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు తుడుస్తూ తమ్ముడి భార్యతో సంగతి చెప్పింది.

"సినిమా హీరో మీద రాసేయండి వదినా," అంది మరదలు. "ఎవరూ అడగరు."

"సినిమాలు చూస్తే కదా."

"పోనీ చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా?"

"ఒకడుండేవాడు. నా పెన్సిలు ముక్కలు ఎత్తుకుపోయేవాడు. వాడి మీద పది వాక్యాలంటే అన్నీ తిట్లే వస్తాయి."

మరదలు నవ్వి ఊరుకుంది. పెద్దమ్మాయికి మాత్రం నిద్రపట్టేదాకా అదే ఆలోచన. పదకొండు మందిలో మనిషి దొరకనిది తనకొక్కదానికేనా?

మర్నాడు కార్ఖానాలో మధ్యాహ్నం తిన్నాక, డబ్బా కడిగి బోర్లించి, నోటుబుక్కు తెరిచి కూర్చుంది. ఎదురుగా గదికి ఆ చివర వడ్రంగి మేస్త్రి ఒక కుర్చీ కాలు చిత్రిక పడుతున్నాడు. కార్ఖానాలో చెక్కపని ఆయనది, గుడ్డపని ఈమెది. ఆయన వచ్చి ఆరేళ్ళయింది. యాభై దాటినవాడు, భార్య పోయినవాడు, మాట పొదుపు. "అమ్మాయిగారూ, పట్టీ కాస్త బిగించండి", "మేస్త్రిగారూ, ఈ మూల లేస్తోంది చూడండి", అంతకు మించి వాళ్ళిద్దరి మధ్యా మాటలు పెద్దగా జరగలేదు.

రాయడానికి మనిషి కావాలి. కళ్ళెత్తితే కనబడుతున్నది ఆయనే. కిటికీ కనబడితే కిటికీ మీద రాసేదేమో, మనిషే కావాలన్నారు కాబట్టి కార్పెంటర్ అని రాసింది.

రాయగానే అరచేత్తో పేజీ కప్పింది. ఎవరైనా చూస్తే? ఆనవాలు తెలియకుండా ఉండాలని వెంటనే ముందు టాల్ అని చేర్చింది. మేస్త్రి పొట్టివాడు, ఆమె కన్నా రెండు వేళ్ళు తక్కువే. ఆ ధైర్యంతో కలం సాగింది. పొడుగాటి వడ్రంగిని చూసి తల మడమల పైకెక్కిందని రాసింది. ఆయన మీసం చూస్తే మోకాళ్ళు నీరసిస్తాయని రాసింది. మేస్త్రికి మీసం లేదు. ఆయన పాడుతుంటే కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతాయని రాసింది. మేస్త్రి పాడగా విన్నవాళ్ళు లేరు. ఇలా తొమ్మిది వాక్యాలూ గోడ కట్టినట్టు కట్టుకుంటూ పోయింది.

పదోది లవ్‌సిక్. ప్రేమతో జబ్బు పడటం. ఇది రాయబోతుండగా చిత్రిక చప్పుడు ఆగింది. తల ఎత్తకుండానే, 'మూడో కాలు అయిపోయింది, ఇప్పుడు నాలుగోది తీసుకుంటాడు, ముందు బొటనవేలితో అంచు తడుముతాడు' అనుకుంది. అనుకున్నాక తల ఎత్తింది. ఆయన నాలుగో కాలు చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు తడుముతున్నాడు.

పెద్దమ్మాయి కలం ఆపింది. చూడకుండా ఇదంతా తనకెలా తెలుసు? ఆరేళ్ళుగా ఒకే గదిలో పని చేస్తున్నాం కాబట్టి తెలిసి ఉంటుందని సర్దిచెప్పుకుంది. అయితే ఓనరు ఆరేళ్ళకన్నా ముందునుంచే ఉన్నాడు, ఆయన ఏ చేత్తో తలుపు తీస్తాడో కూడా తనకు తెలీదు. మొన్న చలికాలంలో మేస్త్రి జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులూ తన చేతి సుత్తి ఎందుకో బరువుగా అనిపించి, పిడి మార్చాలేమోనని తిప్పి తిప్పి చూసుకుంది. అది గుర్తొచ్చి, పదో వాక్యం పొడుగూ మీసమూ లేకుండానే వచ్చేసింది. వడ్రంగి రాని రోజు సుత్తి బరువు. అంతే రాసింది. లవ్‌సిక్ అన్న మాట వాడటం కూడా మరిచిపోయింది.

ఆ సాయంత్రం హోటలువాళ్ళ వ్యాను పెందలాడే వచ్చింది. ఆరు కుర్చీలు ఎక్కించే హడావుడిలో నోటుబుక్కు స్పాంజి ముక్కల మీదే ఉండిపోయింది. శనివారం పొద్దున్న వచ్చేసరికి ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. తెరిచి చూసి, నుంచున్న చోటే కూర్చుండిపోయింది.

వాక్యాలు ఎవరో దిద్దారు.

టీచరమ్మ పెట్టే ఎర్ర సిరా కాదు. మందపాటి చదును పెన్సిలు, చెక్క మీద గీత గీసేది. మోకాళ్ళ నీరసంలో ఇన్ కొట్టేసి ఎట్ అని రాసి ఉంది. సీతాకోకచిలుకల స్పెల్లింగులో ఎక్కువైన ఒక అక్షరం తీసేసి ఉంది. రెండు చోట్ల ది చేర్చి ఉంది. పదో వాక్యం జోలికి పోలేదు. దాని పక్కన ఒక్క ప్రశ్నార్థకం మాత్రం ఉంది.

కార్ఖానాలో అలాంటి పెన్సిలు చెవి వెనక పెట్టుకుని తిరిగే మనిషి ఒక్కడే. ఆయనకు ఇంగ్లీషు వస్తుందా? వాకిట్లో సిగరెట్టు కాలుస్తున్న వ్యాను డ్రైవర్ని, ఏదో మాటల్లో మాటగా కదిపింది.

"మేస్త్రా? పదకొండేళ్ళు ఓడల్లో చెక్కపని చేసొచ్చాడుగా. అక్కడంతా ఇంగ్లీషే. నీకు తెలీదా?"

తెలీదు. బొటనవేలితో అంచు తడుముతాడని తెలుసు గానీ, పదకొండేళ్ళు సముద్రం మీద ఉన్నాడని తెలీదు. ఇదెలాంటి తెలియడం?

అదలా ఉంచితే, ఆయన చదివాడు. పదీ చదివాడు. చదివి, ఇది నా గురించేనా అని అడగలేదు. సిగ్గుపడలేదు, కోప్పడలేదు. తప్పులు దిద్ది ఊరుకున్నాడు. ఒక మనిషి ఆడదాని ప్రేమ వాక్యాల్లో స్పెల్లింగు మాత్రమే చూశాడంటే దాన్ని ఏమనుకోవాలి? పట్టించుకోలేదనా? మర్యాదగా తప్పుకున్నాడనా? ఆ ప్రశ్నార్థకం ఎందుకు మరి?

సోమవారం ఆమె చేతులు మాట వినలేదు. బొటనవేలి మీద సుత్తి దెబ్బ తగిలించుకుంది. మఖమలు గుడ్డకు నూగు ఎటు వాలుతుందో చూసుకుని కోయాలి. ఇరవై ఏళ్ళుగా పొరపడని మనిషి ఆవేళ సోఫా వీపుకు నూగు పైకి, కూర్చునే చోట కిందికి వచ్చేట్టు తొడిగేసింది. వెలుగులోకి లాగి చూస్తే సగం ముదురు రంగు, సగం లేత రంగు, ఒకటి కాదు రెండు సోఫాలు కలిపి కుట్టినట్టుంది.

"ఏమైంది పెద్దమ్మాయ్?" అన్నాడు ఓనరు. "ఒంట్లో బాగోలేదా?"

"ఏమో తెలీట్లేదండి," అంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

మేస్త్రి తీరు కూడా వింతగానే ఉంది. మధ్యాహ్నం తిని కదలకుండా కూర్చునే మనిషి ఆవేళ ఎక్కడికో వెళ్ళి గంట తర్వాత వచ్చాడు. వచ్చి, ఆమె బల్ల దగ్గర నిలబడి, చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు పెన్సిలు తిప్పాడు.

"అమ్మాయిగారూ, పక్క వీధిలో తలుపులు చేసే పొడుగాటాయన మీకు తెలుసా?"

"తెలుసండి. అప్పుడప్పుడు జిగురు డబ్బా కోసం వస్తాడుగా."

"మంచివాడేనా?"

"మంచివాడే అనుకుంటాను. ఎందుకండీ?"

"ఏం లేదు," అని ఆయన తన మూలకు వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దాకా చిత్రిక చాలా గట్టిగా పట్టాడు. సన్నటి కుర్చీ కాలు ఇంకా సన్నబడింది.

బుధవారానికి ఆయన పై పెదవి మీద నల్లగా, అక్కడక్కడ తెల్లగా ఏదో మొలిచింది. గడ్డం మాత్రం నున్నగానే గీసుకున్నాడు. అంటే మీసం పెంచుతున్నాడు. అది చాలదన్నట్టు, మధ్యాహ్నం రంపంతో కోస్తూ గొంతులో ఏదో కూనిరాగం తీశాడు. రాగమూ రంపమూ ఒకదానికొకటి అడ్డం పడి, ఏది ఏదో తెలియకుండా పోయింది.

అప్పుడు పెద్దమ్మాయికి ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టయింది. మీసం, పాట. తన వాక్యాలే. ఆయన తనను ఎగతాళి చేస్తున్నాడు. అందరికీ తెలిసేలా, రోజుకో వాక్యం చొప్పున ఆడి చూపిస్తున్నాడు. రేపు చొక్కా చేతికి గుండెకాయ బొమ్మ తగిలించుకుని వస్తాడు కాబోలు. ఇన్నేళ్ళలో ఎవరూ తనను అవమానించలేదు. అవమానించడానికి తను చోటివ్వలేదు. చేజేతులా ఇచ్చింది ఈ ఒక్కసారే.

నోటుబుక్కు తీసుకుని గది దాటి వెళ్ళింది. ఇద్దరి మధ్యా ఒక సోఫా కాళ్ళు పైకెత్తి బోర్లా పడి ఉంది. దానికి ఇటువైపే ఆగింది.

"మేస్త్రిగారూ, మీకు నా మీద కోపముంటే మొహం మీద చెప్పండి. ఈ ఎగతాళి బాగోలేదు."

రంపం ఆగింది. "ఎగతాళేంటండీ?"

"ఆ మీసమేంటి మరి? ఆ పాటేంటి?"

ఆయన చెయ్యి తనంతట తానే పై పెదవి మీదికి వెళ్ళింది. చెవులు కందిపోయాయి. ఆమె వెనక్కి తిరగబోతుంటే రంపం కింద పెట్టాడు.

"మీ పుస్తకం చదవడం తప్పే. స్పాంజి తీయబోతే చేతికొచ్చింది. మొదటి వాక్యంలో కార్పెంటర్ అని కనబడింది. చదవకుండా ఉండలేకపోయాను."

"చదివి?"

"చదివితే ఎవరో పొడుగాటాయన. మీసాలాయన. పాడతాడట. పక్క వీధిలో ఆయన తప్ప నాకెవరూ తోచలేదు. వెళ్ళి చూసొచ్చాను కూడా. ఆయనకు మీసం ఉంది. పాట సంగతి అడగలేకపోయాను."

"అయితే మీరెందుకు మీసం పెంచడం?"

"పొడుగు పెరగలేను కదండీ," అన్నాడు మేస్త్రి.

పెద్దమ్మాయికి ఆ మాట చెవికెక్కింది గానీ లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. దిగాక, బోర్లా పడి ఉన్న సోఫా అంచు మీద కూర్చుంది.

"పొడుగాటాయన ఎవరూ లేరండీ," అంది. "అది మీరే."

"నేను పొడుగు కాదుగా."

"కాదు కాబట్టే రాశాను. మీరని తెలియకూడదని."

"అంటే," ఆయన పెన్సిలు చెవి వెనకనుంచి తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. "నేను కానన్నట్టు రాశారు కాబట్టి అది నేను."

"అవును."

"మరి ఆ జిగురాయన?"

"ఆయన జిగురు కోసం వస్తాడండీ. అంతే."

ఆయన సోఫా కాలు ఒకటి పట్టుకుని కదిపి చూశాడు. తర్వాత ఆయన గొంతు తగ్గించి, "రాసింది క్లాసు కోసమా, నిజమా?" అన్నాడు.

ఆమె నిజం చెప్పాలనుకుంది, అయితే ఏది నిజమో వెతుక్కోవాల్సి వచ్చింది. "రాయడం మొదలుపెట్టినప్పుడు క్లాసు కోసమే. ఎదురుగా ఉన్నారని మీ మీద రాశాను. పదోదాని దగ్గరికొచ్చేసరికి ఏమైందో నాకే తెలీట్లేదు. రాసినందువల్ల ఇలా అయిందా, ఇలా ఉండబట్టే రాశానా అని అప్పట్నుంచీ తల బద్దలు కొట్టుకుంటున్నాను. కడుపులో సీతాకోకచిలుకలేమీ లేవు. మోకాళ్ళు నొప్పి ఉంది గానీ అది రోజూ ఉండేదే."

"పదోదాంట్లో తప్పేమీ కనబడలేదు," అన్నాడు ఆయన. "పొడుగు లేదు, మీసం లేదు. ఈ వడ్రంగి ఎవడా అని ప్రశ్నార్థకం పెట్టాను."

ముందు గదిలోంచి ఓనరు ఎవర్నో పిలవడం వినబడింది. ఇద్దరూ ఉలిక్కిపడి ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ పూట మేస్త్రి మళ్ళీ పాడలేదు.

గురువారం ఆమె వాక్యాలు శుభ్రంగా తిరగరాసి ఇచ్చేసింది. టీచరమ్మ అక్కడే చదివి తొమ్మిదికి తొమ్మిదీ బాగున్నాయంది. పదోది చూసి తల అడ్డంగా ఊపింది. "ఇందులో అసలు మాట లేదు. లవ్‌సిక్ అని ఎక్కడైనా వస్తేనే మార్కు." పెద్దమ్మాయి సరేనంది. మార్కు పోయినందుకు ఆమెకు బాధ కలగలేదు. బాధ కలగనందుకు మాత్రం ఆశ్చర్యపోయింది.

ఇంట్లో ఆదివారం పొద్దున్న మరదలితో చెప్పింది. మరదలు అంతా విని, "మీకు ఇష్టమేనా వదినా?" అంది.

"ఇష్టమంటే ఎలా ఉంటుంది?"

"ఉంటుందంతే."

"నీకు ఎలా ఉండేది?"

మరదలు ఆలోచించింది. "మీ తమ్ముడు మొదటిసారి వచ్చినప్పుడు నాకు తుమ్ములు పట్టుకున్నాయి. అది తప్ప ఏమీ గుర్తులేదు," అంది. పెద్దమ్మాయి అయోమయం ఇంకో పిసరు పెరిగింది.

తమ్ముడికి విషయం మరదలే చేరవేసింది. నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. ఏ సంగతైనా వెళ్ళి కళ్ళారా చూసి రాసుకుంటే గానీ నమ్మడు. "నేను వెళ్ళి మాట్లాడతాను. మగవాళ్ళం మేం తేల్చుకుంటాం" అని చొక్కా మార్చుకుని మేస్త్రి ఇంటికి బయల్దేరాడు. రెండు గంటల తర్వాత నవ్వు మొహంతో వచ్చాడు.

"ఏమన్నారు?" అంది మరదలు.

"మన స్నానాల గది తలుపు కింద పట్టేస్తోందన్నానా, అది చెమ్మకు ఉబ్బడం కాదట. పై మడతబందు మరలు వదులయ్యాయట. ఎంత బాగా చెప్పాడో."

"వదిన సంగతి?"

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. "ఎలా ఎత్తాలో తెలియలేదే," అన్నాడు. "అక్కకన్నా చిన్నవాణ్ణి. ఆయన నాకన్నా పెద్దవాడు. మా అక్కను చేసుకుంటారా అని అడగాలా, మా అక్కను ఏం చేద్దామనుకుంటున్నారు అని నిలదీయాలా? ఆయన కూడా రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. చివరికి తలుపు దగ్గరికొచ్చాం."

పెద్దమ్మాయి పక్క గదిలోంచి అంతా విని, ఈ పని ఎవరికీ అప్పజెప్పేది కాదని నిశ్చయించుకుంది.

సోమవారం మధ్యాహ్నం తన డబ్బా తీసుకుని గది ఆ చివరకు వెళ్ళింది. ఆరేళ్ళలో మొదటిసారి. మేస్త్రి బల్ల మీది చెక్క పొట్టు చేత్తో తోసి చోటిచ్చాడు. మీసం తీసేశాడు. పై పెదవి మీద గాటు పడింది. ఇద్దరూ తిన్నారు. ఓడలో ఎప్పుడైనా భయమేసిందా అని ఆమె అడిగింది. భయం మొదటి నెల మాత్రమేననీ, తర్వాత నేల మీద దిగినప్పుడే ఒళ్ళు తూలేదనీ చెప్పాడు. కాళ్ళ కింద కదలకపోతే ఏదో తేడా జరిగిందనిపించేదట.

"మేస్త్రిగారూ," అంది ఆమె, మూత బిగిస్తూ. "నాకు ఇంకా అయోమయంగానే ఉంది. వారం ఆగితే తేలుతుందనుకున్నాను. తేలలేదు."

"నాకూ అంతే."

"ఇలా ఉంటూనే పెళ్ళి చేసుకోవచ్చా?"

"మొదటిసారి నేను ఏ అయోమయం లేకుండానే చేసుకున్నానండీ. పెద్దవాళ్ళు చూపించారు, సరేనన్నాను. అప్పటికి ఆవిడ ఎవరో నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళు కలిసి ఉన్నాం. అందులో పదకొండేళ్ళు నేను ఓడలోనే ఉన్నాను. ఆవిడ పోయాక తెలిసింది, నేను అడగాల్సినవి చాలా అడగలేదని." డబ్బా పక్కకు జరిపి, "ఈసారి అన్నీ అడుగుదామనుకుంటున్నాను. జవాబులు తెలియకపోతే తెలియదనే చెప్పండి," అన్నాడు.

"నన్ను ఏం అడుగుతారు?"

"ముందుగా, మీ అసలు పేరేంటో అడుగుతాను. ఆరేళ్ళుగా అమ్మాయిగారూ అంటున్నాను. తెలియక."

పెద్దమ్మాయి నోరు తెరిచింది. ఆ పేరు బయటికి పలికి ఎన్నేళ్ళయిందో. ఎవరూ పిలవని పేరు చెప్పబోతే, తన గురించి కాక ఇంకెవరి గురించో చెబుతున్నట్టుంది. తలుపు వైపు ఒకసారి చూసుకుని, ముందుకు వంగి, ఆయనకు మాత్రమే వినబడేలా చెప్పింది.

మేస్త్రి విన్నాడు. ఒకసారి మెల్లగా పలికి చూసుకున్నాడు. రెండో అక్షరం తప్పు పలికాడు. ఆమె దిద్దింది.